బొట్టు పెట్టిన కుర్చీ

ఈ మధ్య జూబ్లీహిల్స్ కాఫీ షాపుల్లో కుర్చీలకు వీపు ఉండటం లేదు. పొడుగ్గా ఒంటికాలు, దాని మీద పళ్ళెమంత చెక్క, అంతే. మనిషి అక్కడికి కూర్చోవడానికి వచ్చి ఉంటాడన్న అనుమానం ఆ షాపువాళ్ళకు ఎప్పుడూ కలిగినట్టు లేదు. కథ వినాలని నన్ను పిలిచేవాళ్ళందరూ పట్టుబట్టి అలాంటి చోటికే పిలుస్తారు. చెప్పడం పూర్తిచేసి కిందికి దిగేసరికి నడుము నాది కాదనిపిస్తుంది. కథ కూడా. మొదటిదానికి కుర్చీ కారణం, రెండోదానికి ఈ పేట అలవాటు.

అలా వేలాడుతున్నప్పుడల్లా నాకొక దర్శకుడు గుర్తుకొస్తాడు. గుర్తుకు రాగానే నడుం నొప్పి కాస్త సర్దుకుంటుంది. ఎందుకంటే ఆయన్ని నేను ఒక సినిమా పొడుగునా కూర్చోనివ్వలేదు.

ఆయన పేరు చెప్పను. నా పేరు చెప్పకుండా ఆయన రెండు సినిమాలు తీశాడు. ఆ మర్యాద తిరిగి ఇవ్వకపోతే బాగుండదు.

ఆయన సినిమాలకు మాటలు రాసేవాణ్ణి. మొదటి సినిమాలో నా పేరు చిట్టచివర, జనం చెప్పులు వెతుక్కునే సమయంలో, జనరేటర్ ఇచ్చినవారికీ నీళ్ళ ట్యాంకర్ పంపినవారికీ మధ్య కృతజ్ఞతల్లో పడింది. రెండో సినిమాలో ‘రచనా సహకారం’ అన్న మాట కింద ఒక గుంపులో పడింది. ఆ గుంపులో దర్శకుడి బావమరిది కూడా ఉన్నాడు. ఆ బావమరిది కథాచర్చల సిట్టింగులకు రాకుండా సహకరించాడు.

మూడో సినిమాకు మాత్రం ఫిల్మ్ నగర్ ఆఫీసులో అందరూ వినేలా మాటిచ్చాడు. “ఈసారి నీకు సోలో కార్డు తమ్ముడూ. ‘మాటలు’ అని పడుతుంది, కింద నీ పేరు. ఆ ఫ్రేములో ఈగ కూడా వాలదు.”

ఈ కబురు వెంగళరావు నగర్‌లో ఉండే మా అమ్మకు చెప్పాను. మా అమ్మ సినిమా హాలు గడప తొక్కని మనిషి. ఆదివారం ఆరాధన, బుధవారం ప్రార్థన కూటం, మధ్యలో మోకాళ్ళ మీద నాకోసం చేసే ప్రార్థన, అదీ ఆమె లోకం. అలాంటి మనిషి ఆలోచించి ఆలోచించి, “నీ పేరు పడేదాకా కూర్చుంటాను. పడగానే లేచి వచ్చేస్తాను,” అంది. పాస్టరుగారి భార్యకు ముందే చెప్పి పెట్టింది కూడా. ఆ కూటంలో ఆడవాళ్ళంతా నా పేరు ఎప్పుడు పడుతుందా అని దేవుణ్ణి అడగడం మొదలుపెట్టారు. అంటే కార్డు సంగతి నా చేతుల్లోంచి కూడా దాటిపోయింది.

సినిమా ముహూర్తం రోజున దేవుడి పటాల మీద మొదటి షాటు తీసి, కొబ్బరికాయ కొట్టాక, దర్శకుడు మైకు పుచ్చుకున్నాడు. ఆ ప్రసంగం నేనే రాశాను. నాయకుడనేవాడు ఎదుటివాణ్ణి అడగబోయే ముందు తాను ఏదో ఒకటి వదులుకోవాలి అన్నది సారాంశం. నాకు నచ్చిన ప్రసంగమే.

ఇక్కడ కుర్చీల సంగతి చెప్పాలి. సెట్లో ఎవరి హోదా ఎంతో తెలుసుకోవాలంటే ఎవరినీ అడగక్కర్లేదు, కుర్చీ చూస్తే చాలు. హీరోకి వెనక్కి వాలే కుర్చీ. దర్శకుడికి వీపు గుడ్డ మీద పేరు రాసిన మడత కుర్చీ. నిర్మాతకు కుర్చీతోపాటు గొడుగు. కెమెరామన్‌కీ నాకూ ప్లాస్టిక్ కుర్చీలు. మిగతావాళ్ళకు బోర్లించిన బకెట్టు, ఖాళీ పెట్టె, గోడ.

దర్శకుడు తన పేరున్న కుర్చీని ఒక్క చేత్తో టపీమని మడిచి పైకెత్తాడు. “గుమ్మడికాయ కొట్టేదాకా ఈ సెట్లో నేను కూర్చోను,” అన్నాడు. షూటింగు ఆఖరి రోజున దిష్టి తీసి గుమ్మడికాయ కొట్టడం మా ఆనవాయితీ. అంటే మొదటి రోజు నుంచి చివరి రోజు దాకా నిలబడే ఉంటానని ఒట్టు. చప్పట్లు మోగాయి. హీరో కూడా ఉత్సాహపడి, ఇకనుంచి సమయానికి వస్తానన్నాడు. అది త్యాగం కిందికి వస్తుందా అని ఎవరూ అడగలేదు.

అప్పుడు దర్శకుడు నా వైపు చెయ్యి చూపించాడు.

“మా రైటర్ నిన్న సాయంత్రం నా దగ్గరికొచ్చి ఏమన్నాడో తెలుసా? సార్, మీరు కుర్చీ వదులుకుంటే నేను నా కార్డు వదులుకుంటాను, మాటలు టీమ్ అని వేసెయ్యండి చాలు, అన్నాడు. నిజం చెప్తున్నా, నాకు కళ్ళు చెమర్చాయి!”

ఆయన చెప్పిన ఆ ‘నిన్న సాయంత్రం’ నేను మధురానగర్‌లో నా అద్దింట్లో, స్టూలెక్కి ఫ్యాను రెక్కలు తుడుస్తున్నాను. ప్రసంగంలో ఆ వాక్యం నేను రాయలేదు. నేను రాయకుండా ఆయన నోటి నుంచి వచ్చిన మంచి డైలాగు ఇన్నేళ్ళలో అదొక్కటే.

అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. వాళ్ళలో నేనూ ఉన్నాను. చేతులకు విషయం ఆలస్యంగా తెలిసింది.

మా ఇంట్లో ఏటా ఈస్టరుకు ముందు శ్రమల దినాల్లో తలా ఒకటి మానేసేవాళ్ళం. నాన్న సిగరెట్టు, అమ్మ కాఫీ, నేను పక్కింటి టీవీ. ఎవరిది వాళ్ళే మానేవాళ్ళం, ఎవరికీ చెప్పుకునేవాళ్ళం కాదు. ఒకడి తరఫున ఇంకొకడు, వాడికి తెలియకుండా, మైకులో త్యాగం చెయ్యడం అన్న పద్ధతిని ఆ రోజే మొదటిసారి చూశాను.

తర్వాత ఆయన్ని పక్కకు పిలిచి అడిగాను.

“సార్, నేనెప్పుడన్నాను ఆ మాట?”

“అనలేదు,” అన్నాడు ఆయన, నా భుజం మీద చెయ్యి వేసి. “కానీ నువ్వు అనే మనిషివే. నాకు తెలుసు.”

నాకు గట్టిగా అరవడం చేతకాదు. డిగ్రీలో స్పెషల్ తెలుగు చదివినవాణ్ణి, వ్యాకరణం చెడకుండా నెమ్మదిగా కోపం తెచ్చుకుంటాను. ఆ చెయ్యి నా భుజం మీద ఉండగానే ఒక నిర్ణయానికి వచ్చేశాను. ఈయన మాట మీద ఈయన్ని నిలబెట్టాలి. అక్షరాలా.

ఆయన లెక్క నాకు తెలుసు. షూటింగు విశేషాలు తీసే మేకింగ్ వీడియోవాళ్ళు ఉన్నన్నాళ్ళు నిలబడతాడు. వాళ్ళ కెమెరా ఇంకో సినిమాకు పోగానే ఏ పెట్టె మీదో మెల్లగా ఆనుకుంటాడు. ఆనుకోవడం కూర్చోవడంగా మారుతుంది. నా కార్డు మాత్రం పోయిన చోటే ఉంటుంది.

మడిచిన కుర్చీని ఆర్ట్ డిపార్ట్‌మెంటువాళ్ళు గోడౌనుకు పంపబోతుంటే ఆపాను. “సార్, మీరు వదులుకున్నదేంటో జనానికి రోజూ కనబడాలి. మానిటర్ పక్కనే ఖాళీగా ఉంచుదాం,” అన్నాను. ఆయనకు తెగ నచ్చింది. వీపు మీద పేరు కొత్తగా రంగు వేయించాను. ఒక శుక్రవారం ఎవరో దానికి పసుపు రాసి బొట్టు పెట్టారు. మరుసటి వారం ఒక బంతిపూవు వచ్చింది. ఫిల్మ్ నగర్‌లో ఒకసారి బొట్టు పడ్డ వస్తువు మీద ఎవరూ కూర్చోరు, దాని యజమానితో సహా.

అయితే అసలు మేలు చేసింది వాన. పెద్దమ్మగుడి వైపు ఒక బంగళాలో షూటింగు జరుగుతుండగా దర్శకుడు చుట్టూ చూసి, లైట్లు మోసుకొచ్చే చెక్కపెట్టె మీద అరనిమిషం కూర్చున్నాడు. పావుగంటలో ఆకాశం విరిగిపడింది. ఆ రోజు పని మొత్తం పోయింది. నిర్మాత గోదావరి జిల్లా మనిషి, మెతక మనిషి, కుడికాలు ముందు పెట్టకుండా లిఫ్టు కూడా ఎక్కడు. గొడుగు కింద బిక్కమొహం వేసుకుని నా పక్కకు వచ్చాడు.

“ఏంటండీ ఇది, వానాకాలం కూడా కాదు కదండీ!”

“ఏం లేదండీ,” అన్నాను. “ఇందాక సారు కాస్త కూర్చున్నట్టున్నారు.”

అంతే. అంతకు మించి ఒక్క ముక్క అనలేదు. నా జీవితంలో అంత తక్కువ మాటలతో అంత పని చేసిన డైలాగు రాయలేదు.

నిర్మాత గొడుగు వదిలేసి వానలోనే దర్శకుడి దగ్గరికి వెళ్ళాడు. “ఏవండీ, మీరు కూర్చున్నారా?”

“ఊరికే… షూ లేసు కట్టుకుందామని…”

“లేసులెందుకండీ! చెప్పులేసుకోండి!”

మా పరిశ్రమలో దీన్ని సెంటిమెంటు అంటారు. చట్టాన్ని దాటడానికి ఏదో ఒక దారి ఉంటుంది, సెంటిమెంటును దాటడానికి ఉండదు. మర్నాటి నుంచి దర్శకుడు ఎక్కడ నిలబడితే అక్కడ చూపుకు అందేంత దూరంలో ఒక మేనేజరు నిలబడ్డాడు. ఆయన మోకాలు కొంచెం వంగితే చాలు, “సార్!” అనేవాడు.

దర్శకుడు కారవాన్‌లోకి పోయి కూర్చోబోయాడు. నిర్మాత నన్ను పిలిపించాడు, ప్రసంగం రాసింది నేనే కాబట్టి.

“సెట్టు అంటే ఎంతవరకండీ?”

“గేటు లోపలంతా సెట్టేనండీ.”

“మరి సారు కారూ?”

“గేటు బయట పెట్టిస్తే ఇబ్బంది లేదండీ.”

కారు గేటు బయటికి పోయింది. మధ్యాహ్నం భోజనం ఆయన అందరితోపాటు వరసలో నిలబడి, పళ్ళెం చేత్తో పట్టుకుని తినడం మొదలుపెట్టాడు. ముద్ద కలుపుతుంటే పళ్ళెం ఊగేది, సాంబారు చొక్కా మీదికి వచ్చేది. నేను పక్కనే నిలబడి తినేవాణ్ణి. ఆ రోజుల్లో నాకు ఆకలి బాగా వేసింది.

దర్శకుడు నిలబడితే సెట్లో ఇంకెవరు కూర్చుంటారు? ప్లాస్టిక్ కుర్చీలు వ్యాన్‌లోనే ఉండిపోయాయి. బకెట్లు నీళ్ళకు మాత్రమే వాడారు. హీరో కూడా మొహమాటపడి, ఎవరైనా చూస్తున్నప్పుడల్లా లేచేవాడు. నా నడుమూ పోయింది, కానీ అది ఇష్టపడి పోగొట్టుకున్నది.

కాస్ట్యూమ్స్ చూసే అక్క సంగతి వేరు. యాభై దాటిన మనిషి, యూసఫ్‌గూడలో ఇల్లు, రెండు మోకాళ్ళూ అరిగినవి. ఇంతకుముందు ఏ సినిమాకైనా తనతో ఒక చిన్న ముక్కాలిపీట తెచ్చుకుని, దాని మీద కూర్చుని గుండీలు కుట్టేది. ముహూర్తం మర్నాడు ఆ పీటను కాస్ట్యూమ్ వ్యాన్‌లో బోర్లించేసింది. వ్యాన్‌లోకి పోతే నొప్పుల నూనె వాసన, చీరలకు కూడా అదే వాసన. ఒక సీన్లో హీరోయిన్ దగ్గరికి వచ్చిన హీరో మొహం చిట్లించింది అందుకే. జనం దాన్ని నటన అనుకున్నారు.

ఒకరోజు నాకే ఉండబట్టలేక అన్నాను. “అక్కా, నువ్వు వ్యాన్‌లో కాసేపు కూర్చో. ఎవరూ చూడరు.”

“ఎవలు సూడనప్పుడే గదా తమ్మీ అసలు నిలవడాల్సింది,” అంది అక్క, నోట్లో సూది పెట్టుకునే. “గంత పెద్ద డైరెక్టరు నిలవడ్డడు. నా అసోంటిదానికి ఏం రోగం? ఇన్నేండ్ల సంది జూస్తున్న, గిట్లాంటోణ్ణి జూడలే.” ఆపైన నవ్వింది. “నువ్వు సుత పేరు ఇడిసిపెట్టినవ్ గదా. మీరిద్దరు జేస్తుంటే నాకు సిగ్గుండదా?”

నేను టీ తాగడానికి వెళ్ళిపోయాను.

అసలు చిక్కు ఇంకోటి వచ్చింది. నేను అనుకున్నది ఒకటి, ఆయన కాళ్ళు చేసింది ఇంకొకటి. మానిటర్ ముందు కూర్చోలేని మనిషి ఊరికే నిలబడలేక సెట్టంతా తిరగడం మొదలుపెట్టాడు. తిరుగుతూ లైట్‌మెన్ పేర్లు తెలుసుకున్నాడు. ఒకరిద్దరి పిల్లల చదువుల గురించి అడిగాడు. ఒకసారి ట్రాలీ పట్టాలు మోయడానికి ఒక చెయ్యి వేశాడు. అలసటకో ఏమో అరుపులు తగ్గాయి. అంతకుముందు ఆయన్ని చూసి పక్కకు తప్పుకునేవాళ్ళు ఇప్పుడు ఆయన రాగానే చిరునవ్వు నవ్వుతున్నారు. పని చకచకా సాగింది. మేకింగ్ వీడియో కింద జనం ఆయన్ని పొగుడుతూ రాస్తున్నారు. ఆ వీడియోకు వ్యాఖ్యానం రాసింది ఎవరో చెప్పక్కర్లేదు.

నేను శిక్ష వేద్దామనుకుంటే ఆయన నాయకుడైపోతున్నాడు. నా పగ ఆయనకు పేరు తెచ్చిపెడుతోంది. పేరు! సరిగ్గా ఆయన నా దగ్గర్నుంచి లాక్కున్న వస్తువు. నాకు నిజంగా ఒళ్ళు మండింది అప్పుడే.

అలాంటి సమయంలో నిర్మాతకు ఒక ఆలోచన వచ్చింది. ఆలోచన ఆయనదే. అది వచ్చేటప్పుడు నేను పక్కన ఉన్నాను, అంతే.

“ఇంత కలిసొచ్చింది కదండీ,” అన్నాడు. “గుమ్మడికాయతో ఆపేస్తే ఎలా? ఎడిటింగు, డబ్బింగు, ఇంటర్వ్యూలు, అన్నీ నిలబడే చేస్తే?”

“రిలీజ్ దాకానా అండీ?” అన్నాను, కొంచెం భయపడ్డట్టు.

“రిలీజ్ దాకా!” అన్నాడు నిర్మాత. మొహం వెలిగిపోయింది.

ఆ సాయంత్రమే దర్శకుడు కాస్ట్యూమ్ వ్యాన్ వెనక నన్ను పట్టుకున్నాడు. గోడకు ఆనుకుని ఒక చెప్పు విడిచాడు. పాదం పొంగిన పూరీలా ఉంది. చూసి చూపు తిప్పుకోలేదు నేను, తనివితీరా చూశాను.

“ఇదంతా నువ్వే,” అన్నాడు.

“నేనేం చేశాను సార్. ఒట్టు మీది.”

“డబ్బింగు థియేటర్లో కూడా నిలబడాలంటున్నాడయ్యా! మనిషినా, కరెంటు స్తంభాన్నా? చెప్పు, నీకేం కావాలి?”

“నాకేం వద్దు సార్. వదులుకున్నవాణ్ణి కదా.”

ఆయన ఆ పాదాన్ని మళ్ళీ చెప్పులో ఇరికించుకున్నాడు. “కార్డు వేస్తాను.”

“ఎలా వేస్తారు?”

“మాటలు. నీ పేరు.”

“ఫ్రేములో ఇంకెవరు?”

“ఎవరూ లేరు,” అన్నాడు పళ్ళ మధ్యలోంచి. “ఈగ కూడా లేదు.”

మర్నాడు నిర్మాతకు నేనే నచ్చజెప్పాను. ముహూర్తం రోజున రెండు త్యాగాలు ఒకే మైకులో జంటగా ప్రకటించారు కాబట్టి జంటగానే విడవాలని, ఒకటి ఉంచి ఒకటి లాగితే బెడిసికొట్టొచ్చని చెప్పాను. గుమ్మడికాయ కొట్టగానే సారు కూర్చోవాలి, టైటిల్స్‌లో నా పేరు పడాలి. నిర్మాత భయంభయంగా తలూపాడు. నా పేరు ఎక్కడ మర్చిపోతారోనని టైటిల్స్ చేసేవాళ్ళకు ఆయనే స్వయంగా ఫోన్ చేశాడు. నా కార్డుకు అంతకన్నా గట్టి కాపలా ఉండదు.

ఆఖరి రోజున గుమ్మడికాయ పగిలింది. బొట్టు పెట్టిన కుర్చీని మధ్యలోకి తెచ్చారు. దర్శకుడు దాని మీదున్న పూలు తీసి కళ్ళకద్దుకుని, మెల్లగా కూర్చున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. అందరూ ఏడ్చినంత పనిచేశారు. నేను చుట్టూ చూశాను. అక్కడ ఉన్నది ఆ ఒక్క కుర్చీయే. మిగతావి తెప్పించాలన్న సంగతి ఎవరికీ తోచలేదు. ఆయన కూర్చున్నాడు, యూనిట్టంతా చుట్టూ నిలబడి చప్పట్లు కొట్టింది. అక్క ఒక చెయ్యి గోడకు ఆనించి నిలబడింది కాబట్టి చప్పట్లు కొట్టలేక, రెండో చేత్తో తొడ మీద కొట్టింది.

యూనిట్ కోసం ఫిల్మ్ నగర్‌లోనే ప్రివ్యూ వేశారు. మా అమ్మను తీసుకెళ్ళాను. తెల్లచీర కట్టుకుని, బైబిలు ఉన్న సంచీ ఒళ్ళో పెట్టుకుని, సీటు అంచు మీద కూర్చుంది. మాటలు అని పడింది. కింద నా పేరు. ఒక్కణ్ణే. ఎంతసేపు ఉంది అంటే, ముందు వరసలో ఉన్న దర్శకుడి తల వెనక భాగం నేను హాయిగా చూసుకునేంతసేపు ఉంది. అమ్మ చూసింది. నా చెయ్యి నొక్కింది. అన్న మాట ప్రకారం లేచి బయటికి నడిచింది.

నేనూ వెనకే వెళ్ళి అమ్మను లాబీలో సోఫా మీద కూర్చోబెట్టాను. అక్కడ కాస్ట్యూమ్స్ అక్క గోడకు ఆనుకుని ఉంది. సీట్ల మధ్య మోకాళ్ళు ముడవలేక బయటికి వచ్చిందట.

“నీ పేరు జూసిన తమ్మీ. పెద్దగ ఏసిండ్రు. ఇడిసిపెట్టిన అంటివి గదా, మల్లెట్ల వచ్చింది?”

ఆ రోజు నేను మంచి ఊపులో ఉన్నాను. ఇన్ని నెలలు ఎవరికీ చెప్పుకోలేక దాచుకున్న కథ. మొదట్నుంచీ చెప్పాను. ఫ్యాను రెక్కల దగ్గర్నుంచి, వాన, గేటు బయటి కారు, పూరీలాంటి పాదం, నిర్మాతకు వచ్చిన ఆలోచన, కార్డు, అంతా. నిర్మాత గొంతు, దర్శకుడి గొంతు అనుకరించి మరీ చెప్పాను. ఎక్కడ నవ్వాలో అక్కడ ఆగాను కూడా. సోఫాలో మా అమ్మ సంచీ మీద చేతులు పెట్టుకుని నా వంకే చూస్తోంది.

అక్క నవ్వలేదు. వంగి మోకాలు ఒకసారి రాసుకుంది. నిటారుగా లేచింది.

“అంటే మమ్ముల గన్ని దినాలు నిలవెట్టింది ఆయన గాదు,” అంది. “నువ్వు.”